జెనీవా సరస్సు ఒడ్డున బ్రున్స్‌విక్ స్మారకం: పది నిమిషాల ఫోటోకు కాదు, ఒక పూటకు తగిన చోటు

జెనీవా వెళ్ళివచ్చిన మన చెన్నై తెలుగువాళ్ళ ఫోటోలలో మూడు తప్పకుండా ఉంటాయి: సరస్సులోంచి పైకి ఎగజిమ్మే నీటిధార, పూల గడియారం, ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఎదుట ఒక కాలు విరిగిన పెద్ద కుర్చీ. కొంచెం జాగ్రత్తగా చూస్తే, సరస్సు గట్టున తీసుకున్న ఏదో ఒక ఫోటోలో ఎవరి భుజం వెనకనుంచో సూదిమొనల్లాంటి రాతి శిఖరాల గుంపు కూడా కనిపిస్తుంది. అదేమిటని అడిగితే చాలామంది చర్చి అంటారు. అది చర్చి కాదు, సమాధి. బ్రున్స్‌విక్ అనే చిన్న జర్మన్ రాజ్యానికి డ్యూక్‌గా, అంటే ఏలికగా, ఉండిన రెండవ చార్లెస్ తన యావదాస్తిని జెనీవా నగరానికి రాసిచ్చి, అందుకు బదులుగా కట్టించుకున్న గోతిక్ సమాధి మందిరం. గోతిక్ అంటే కొనదేరిన కమానులు, సూదిమొనల శిఖరాలు ఉండే మధ్యయుగపు యూరప్ కట్టడపు తీరు.

దానిని నేను రెండుసార్లు చూశాను. ఆరేళ్ళ కిందట ఒక ట్రావెల్ సంస్థ వారి బృందంతో వెళ్ళినప్పుడు బస్సు గట్టుపక్కన ఆగింది. గైడు ‘ఎవరో రాజుగారి గోరీ, ఫోటోలు తీసుకోండి, పది నిమిషాల్లో బయలుదేరాలి’ అన్నాడు. ఆ పది నిమిషాలలో సగం మా బృందంలోని పిల్లలను లెక్కపెట్టుకోవడానికే సరిపోయింది. ఈ వేసవిలో పరిస్థితి వేరు. లోజాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నమ్మాయి దగ్గర నెలరోజులు ఉన్నాము. మావారు, నేను, మా అబ్బాయి కొడుకు, ముగ్గురమూ ఒక రోజు ఉదయం రైలెక్కి నలభై నిమిషాలలో జెనీవాలో దిగి, మధ్యాహ్నం దాకా ఆ స్మారకం దగ్గరే గడిపాము. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినదాన్ని కాబట్టి రాళ్ళ దగ్గర నాకు తొందర ఉండదు. అయితే ఈసారి నాకంటే ఎక్కువసేపు అక్కడ నిలబడింది పదకొండేళ్ళ మా మనవడు. అందుకు కారణం ముందు చెబుతాను.

చెన్నైలో చదరంగం నేర్చుకునే పిల్లలకు కోచ్‌లు మొదటి నెలల్లోనే చూపించే ఒక ఆట ఉంది. 1858లో పారిస్ ఒపేరా భవనంలో, ఒక పక్క నాటకం నడుస్తూ ఉండగా, అమెరికన్ ఆటగాడు పాల్ మార్ఫీ ఇద్దరు ప్రభువులతో కలిపి ఒకే ఆట ఆడాడు. ఆ ఇద్దరూ కూడబలుక్కొని నల్లపావులు నడిపారు. మార్ఫీ గుర్రాన్ని వదిలాడు, ఏనుగును వదిలాడు, చివరికి మంత్రిని కూడా ఎదుటివాళ్ళ చేతికి అప్పగించి, మిగిలిన ఏనుగుతోను శకటుతోను పదిహేడో ఎత్తుకు ఆట కట్టించాడు. పావులను త్వరగా బయటికి తేవడం ఎందుకు ముఖ్యమో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఆట మరొకటి లేదని మా మనవడి కోచ్ కూడా అంటారు. ఆ ఓడిపోయిన ఇద్దరిలో ఒకరు ఇసువార్ ప్రభువు. రెండోవారు, తన సొంత బాల్కనీ గదిలో ఆ ఆటకు ఆతిథ్యం ఇచ్చినవారు, ఈ బ్రున్స్‌విక్ డ్యూక్. నేపియర్ వంతెనకు 2022 చదరంగం ఒలింపియాడ్ కోసం నలుపు తెలుపు గళ్ళు వేస్తే ఆ రంగు చూడటానికే మూడుసార్లు తీసుకెళ్ళమన్న పిల్లవాడు, మన చెన్నైలోని తెలుగింటి అబ్బాయి గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ విజేత అయిన రోజు రాత్రి నిద్రపోని పిల్లవాడు, ఆ డ్యూక్ పడుకొని ఉన్న చోటు ఇదేనని తెలిశాక అక్కడనుంచి ఎలా కదులుతాడు?

వెళ్ళే దారి చాలా సులువు. కార్నవాన్ స్టేషన్ బయటికి వచ్చి మోబ్లాన్ వీధి పట్టుకొని కిందికి నడిస్తే పది నిమిషాలలో సరస్సు ఎదురవుతుంది. అక్కడ వంతెన దాటకుండా ఎడమవైపు గట్టు వెంట కొద్దిదూరం వెళ్తే ఆల్ప్స్ తోట, ఆ తోటలోనే స్మారకం. ఇది నగర ఉద్యానవనం కనుక టికెట్టు లేదు, వరుసలో నిలబడే పని లేదు. సరస్సు ఈ గట్టుకు తూర్పు, దక్షిణ దిక్కులుగా పరుచుకొని ఉంటుంది కాబట్టి ఉదయపు ఎండ నీటి మీదుగా వచ్చి నేరుగా రాతి మీద పడుతుంది. చెక్కడాలు చూడదలచినవారు పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నం దాటితే ముందుభాగం నీడలోకి పోతుంది, లోతులు తెలియవు. ఆకాశం తేటగా ఉన్న రోజున గట్టునుంచి మోబ్లాన్ మంచు శిఖరం కూడా కనిపిస్తుంది. మాకు తొమ్మిది గంటలకు కనిపించి, పదింటికి మబ్బులో కలిసిపోయింది.

ఇక కట్టడం. ఆరు పలకల నేలకట్టు మీద మూడు అంతస్తులుగా లేచి, పైకి పోయినకొద్దీ సన్నబడి, మొనలోకి ముగుస్తుంది. గుడుల మధ్య పెరిగిన మన కళ్ళకు ఇది విమాన నిర్మాణంలాగా సులభంగానే బోధపడుతుంది: కింద అధిష్ఠానం, దానిపై స్తంభాలు, స్తంభాల మధ్య కొనదేరిన కమానులు, కమానుల మీద త్రికోణాకారపు నెత్తికట్టు, ఆపైన చిన్న చిన్న మండపాలు, వాటి మీద కొనలు. కింది అంతస్తు నడుమ రాతి శవపేటిక, దానిపై వెల్లకిలా పడుకొన్న డ్యూక్ ప్రతిమ. చుట్టూ ఆరు మూలలా, శిఖరాలతో కూడిన పందిళ్ళ వంటి గూళ్ళలో, ఆయన వంశంలోని ఆరుగురు పూర్వుల నిలువెత్తు విగ్రహాలు. వేదిక దగ్గర ద్వారపాలకుల స్థానంలో సింహాలూ, రెక్కల మృగాలూ కూర్చున్నాయి. మైలాపూరు మండపాలలో యాళిని చూసిన మనకు ఆ మృగం ఎందుకు కాపలా కూర్చుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ నమూనా జెనీవాది కాదు. ఇటలీలోని వెరోనా నగరాన్ని పధ్నాలుగో శతాబ్దంలో ఏలిన స్కాలిజెర్ ప్రభువుల సమాధులు అక్కడి సాంతా మరియా ఆంతికా చర్చి పక్కన ఉన్నాయి. వాటిలో 1375లో చనిపోయిన కాన్‌సిన్యోరియో సమాధి ఆరు పలకలతో, గుంపుగా లేచిన శిఖరాలతో, నెత్తిన గుర్రపురౌతు విగ్రహంతో ఉంటుంది. తన సమాధి అచ్చంగా అలాగే ఉండాలని డ్యూక్ 1871లో రాసిన వీలునామాలో కోరాడు. అంటే మనం చూస్తున్నది అయిదు వందల ఏళ్ళ నాటి పనిని పందొమ్మిదో శతాబ్దపు చేతులతో మళ్ళీ చేయించిన రూపం. వాస్తుశిల్పి జాన్ ఫ్రానెల్. శవపేటిక మీది ప్రతిమ ఇగెల్ అనే శిల్పిది. గుర్రపు విగ్రహమూ, సింహాలూ ఫ్రెంచి శిల్పి ఓగ్యూస్త్ కెయిన్‌వి. స్విట్జర్లాండ్‌లో అప్పటికే పేరు మోసిన శిల్పి విన్‌చెంజో వేలా కూడా పనిచేశాడు. 1879లో స్మారకం పూర్తయింది.

ఆ రౌతు విగ్రహం కథ తెలియకుండా ఈ కట్టడాన్ని చూడటం వృథా. వెరోనాలో ఉన్నట్టే ఇక్కడా శిఖరం పైన డ్యూక్ గుర్రమెక్కి ఉండాలని వీలునామా షరతు. కంచుతో ఆ విగ్రహాన్ని చేయించి పైకి ఎక్కించారు కూడా. కానీ అంత ఎత్తున, సన్నని కట్టడం మీద ఆ బరువు నిలవదన్న భయంతో కొన్నేళ్ళకే దానిని కిందికి దించవలసి వచ్చింది. ఇప్పుడది స్మారకానికి పక్కగా, తోటలో వేరే పీఠం మీద ఉంది. ఫోటోలో గుర్రమూ సమాధీ రెండూ పడేటట్టు నిలబడినవాళ్ళకు కూడా ఈ రెండూ ఒకటేనని, ఒకదాని తల తీసి పక్కన పెట్టారని తోచదు. మా మనవడు మాత్రం రోడ్డు దాటి నీటి గట్టు దాకా వెనక్కి నడిచి, చేతిని కంటికి అడ్డం పెట్టుకొని, ‘నాన్నమ్మా, గుర్రం ఎక్కడ ఉండాలో ఆ చోటు ఇప్పటికీ తెలుస్తోంది’ అని అరిచాడు. వాడు చెప్పింది నిజమే. కింది రెండంతస్తుల పొంకానికి పై కొన తీరు కొంచెం తక్కువగా, ఏదో మధ్యలో ఆగిపోయినట్టుగా అనిపిస్తుంది. ఆరేళ్ళ కిందట ఆ లోటు నాకు తెలియలేదు, తెలిసే వ్యవధి లేదు.

ఇంత ఖర్చు పెట్టి కట్టవలసిన అవసరం జెనీవాకు ఏమొచ్చిందన్నది తరువాతి ప్రశ్న. చార్లెస్ 1804లో పుట్టాడు. తండ్రి ఫ్రెడరిక్ విలియం 1815 జూన్‌లో, నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్లూ యుద్ధానికి రెండు రోజుల ముందు, కాత్రబ్రా యుద్ధంలో నేలకూలాడు. తాత అంతకు తొమ్మిదేళ్ళ ముందు నెపోలియన్ సైన్యాలతో పోరులో గాయపడి చనిపోయాడు. పదేళ్ళ వయసులో డ్యూక్ అయి, కొన్నాళ్ళు సంరక్షకుల చేతి కింద పెరిగి, 1823లో పాలన చేపట్టిన చార్లెస్ ఏడేళ్ళకే ప్రజల ఓర్పును హరించాడు. 1830 సెప్టెంబరులో జనం తిరగబడి రాజభవనాన్ని తగలబెట్టారు. అతను పారిపోయాడు, తమ్ముడు విలియం గద్దెనెక్కాడు. ఆ తరువాత నలభై ఏళ్ళు లండన్‌లోనూ పారిస్‌లోనూ గడిపాడు. వజ్రాలు కొనడంలో అతనికున్న మోజు ఎంతటిదంటే ‘వజ్రాల డ్యూక్’ అన్న పేరే స్థిరపడింది. 1851లో చార్లెస్ గ్రీన్ అనే ప్రసిద్ధ బెలూను నావికుడితో కలిసి ఇంగ్లండునుంచి సముద్రం మీదుగా బెలూనులో ఫ్రాన్సుకు చేరాడు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం రాగానే పారిస్ వదిలి జెనీవా వచ్చాడు. మూడేళ్ళ తరువాత, 1873 ఆగస్టులో, ఈ స్మారకానికి పక్కనే ఇప్పటికీ నడుస్తున్న బోరివాజ్ హోటల్లో కన్నుమూశాడు. వీలునామా తెరిచి చూస్తే రెండు కోట్ల ఫ్రాంకులకు పైబడిన ఆస్తి జెనీవా నగరం పేర రాసి ఉంది. షరతులు కొన్నే: నగరంలో ప్రముఖమైన, గౌరవప్రదమైన చోట సమాధి కట్టాలి, వెరోనా నమూనాలో ఉండాలి, పాలరాయీ కంచూ వాడాలి, పేరుపొందిన శిల్పులు చేయాలి, తండ్రి తాతల విగ్రహాలు ఉండాలి, పైన తాను గుర్రం మీద ఉండాలి.

నగరం ఒప్పుకొంది. ఆ డబ్బుతో సమాధి ఒక్కటే కాదు, సరస్సుకు అవతలి ఒడ్డున నవ్ చౌకులో గ్రాండ్ తియేటర్ అనే సంగీత నాటకశాల నిర్మాణానికి కూడా అండ దొరికింది. అదీ 1879లోనే తెరుచుకొంది. ఒపేరా గదిలో చదరంగం ఓడినవాడి సొమ్ము చివరికి ఒక ఒపేరా భవనానికి చేరిందని చెబితే మా మనవడు చాలాసేపు ఆనందించాడు. స్మారకం చూసినవారు మోబ్లాన్ వంతెన దాటి ఆ నాటకశాల ముందు కూడా అయిదు నిమిషాలు నిలబడాలని నా కోరిక, ఎందుకంటే వీలునామా ఫలితంలో ప్రజలకు అందిన భాగం అక్కడుంది. పూల గడియారం ఎలాగూ ఆ ఒడ్డునే, ఇంగ్లీషు తోటలో ఉంటుంది.

మావారు మద్రాసు హైకోర్టులో నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేసినవారు. ఆయనకు కట్టడాల మీద పెద్దగా ఆసక్తి లేదు, బెంచీ మీద కూర్చొని నీళ్ళు చూస్తున్నారు. నేను పేరు చదివి వినిపించగానే లేచి వచ్చి, ‘డ్యూక్ ఆఫ్ బ్రున్స్‌విక్ వెర్సస్ హార్మర్, ఆ డ్యూకేనా ఈయన?’ అన్నారు. ఆయనే. లా కాలేజీలో పరువునష్టం పాఠం చదివిన ప్రతి ఒక్కరికీ ఈ 1849 నాటి లండన్ కేసు తెలిసి ఉంటుందట. హార్మర్ నడిపిన పత్రికలో డ్యూక్ మీద వచ్చిన రాత 17 ఏళ్ళ కిందటిది, దావా గడువు ఎప్పుడో దాటిపోయింది. డ్యూక్ తన నౌకరును పంపి ఆ పాత సంచిక ఒకటి కొనిపించాడు. ఆ అమ్మకమే కొత్త ప్రచురణ అవుతుందని, గడువు దానినుంచి మళ్ళీ మొదలవుతుందని కోర్టు చెప్పి, 500 పౌండ్ల పరిహారం ఇప్పించింది. ఇంటర్నెట్టు వచ్చాక ఒక పేజీని తెరిచిన ప్రతిసారీ కొత్త దావాకు అవకాశం ఏర్పడడంతో ఇంగ్లండు 2013లో చట్టం చేసి ఆ సూత్రాన్ని పక్కన పెట్టిందని మావారు అక్కడే నిలబడి మా ఇద్దరికీ వివరించారు. ఆయనకు ఆ సమాధి మీద అప్పుడు కలిగిన గౌరవం నా వర్ణనల వల్ల కలగలేదు. ఒకే మనిషి మనవడికి చదరంగం బల్ల మీదా, తాతకు లా రిపోర్టులోనూ ముందే పరిచయమై ఉండటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తోంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెప్పవలసి వస్తే, పనితనంలో ఇది ఉత్తమమైనది, రూపంలో అంత లోతైనది కాదు. మన సాంథోమ్ చర్చి కూడా గోతిక్ తీరులో 1890లలో తిరిగి కట్టినదే, అదీ ఒక సమాధి మీద లేచినదే. 155 అడుగుల ఆ తెల్లని శిఖరం కింద లోపలికి నడిస్తే, కమానులు పైకి ఎందుకు లేచాయో, రంగు అద్దాలగుండా వెలుతురు ఎందుకు అలా పడుతోందో శరీరానికే తెలుస్తుంది. గోతిక్ పద్ధతి పుట్టిందే లోపలి ఖాళీ కోసం. బ్రున్స్‌విక్ స్మారకానికి లోపల అంటూ లేదు. శవపేటిక దాకా వెళ్ళడానికి లేదు, చుట్టూ తిరిగి బయటనుంచే చూడాలి. అందువల్ల అది నగల పెట్టెలాగా ఉంటుంది: ఎటు చూసినా పని, ఎక్కడా కన్ను ఆగి విశ్రాంతి తీసుకొనే ఖాళీ గోడ లేదు. నాకు కన్ను ఆగేది ఆ పూర్వుల విగ్రహాల దగ్గరే. కవచాల మడతలు, చేతుల బరువు, బట్ట అంచులు, ఒక్కొక్క మూలలో ఒక్కొక్క కాలపు వేషం. మొదటిసారి ఆరుగురూ ఒకేలా కనిపిస్తారు. రెండో ప్రదక్షిణలో తేడాలు తెలుస్తాయి. మూడోదానిలో ఎవరి ముఖం ఎటు తిరిగి ఉందో కూడా గమనిస్తాము. అందుకే కనీసం గంటన్నర ఉంచుకోమంటున్నాను.

రంగుల విషయంలో మాత్రం చెక్కినవారికి చేయెత్తి నమస్కరిస్తాను. తెల్లరాయి, గులాబీ ఛాయ రాయి పక్కపక్కన పెట్టిన తీరు వల్ల మబ్బు పట్టినప్పుడు కూడా కట్టడం వెలవెలబోయినట్టు కనిపించదు. ఎండ వచ్చి పోతున్న కొద్దీ గులాబీ రాయి ఒక్కొక్కసారి మా ఊరి ఇటుక గోడ రంగులోకి, ఒక్కొక్కసారి లేత కుంకుమపువ్వు రంగులోకి మారింది.

ఒక లోటు చెప్పాలి. రాతిని చూసి ఇతనెవరో, ఆ ఆరుగురు ఎవరో తెలుసుకోవడం పర్యాటకుడికి సాధ్యం కాదు. వెళ్ళేముందే చదువుకోవాలి. చదవకుండా వెళితే అది మా మొదటి బృందానికి కనిపించినట్టు ‘ఎవరో రాజుగారి గోరీ’ గానే మిగులుతుంది. ట్రావెల్ సంస్థలు జెనీవాను సగం రోజులో ముగించడం మానుకోవాలని నేను కోరుకుంటున్నాను. ఈ ఊరికి డబ్బు పెట్టి, వీసా కోసం తిరిగి, చెన్నైనుంచి నేరుగా విమానం లేక మధ్యలో ఎక్కడో మారి, పద్నాలుగు పదిహేను గంటలు ప్రయాణం చేసి వచ్చినవారికి పది నిమిషాలు చూపించి బస్సెక్కించడం అన్యాయం.

మరొక మాట, ఇది నా మనసులోనుంచి కదలనిది. సమాధుల దగ్గరికి వెళ్ళడం చెన్నైవాళ్ళకు కొత్త కాదు. మెరీనాలో ఎమ్జీఆర్ సమాధి దగ్గర, లోపల ఆయన చేతిగడియారం చప్పుడు వినిపిస్తుందన్న నమ్మకంతో, పల్లెలనుంచి వచ్చిన ఆడవాళ్ళు రాతికి చెవి ఆనించి నిలబడడం మనందరం చూశాము. మా ఇంటికి కొద్దిదూరంలో, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన చోటు ఉంది. అక్కడ శిఖరాలు లేవు, సింహాలు లేవు, ఆయన ఎవరికీ ఆస్తి రాయలేదు. అయినా ఏటా ఆ తేదీన తెలుగువాళ్ళు పూలదండలతో వస్తారు. జెనీవాలో మేమున్న నాలుగు గంటల్లో వందలమంది డ్యూక్ ముందు ఆగారు, ఫోటో తీసుకున్నారు, పేటిక వైపు ఒక్కరూ చేతులు జోడించలేదు, పువ్వు పెట్టలేదు. నాకు అతని మీద జాలి కలిగింది. ఆ జాలితోనే నాలుగోసారి కూడా చుట్టూ తిరిగి వచ్చాను.

చుట్టుపక్కల చూడదగినవి నడక దూరంలోనే ఉన్నాయి. బోరివాజ్ హోటలునుంచి బయలుదేరి పడవ ఎక్కబోతూ ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ 1898 సెప్టెంబరు 10న కత్తిపోటుకు గురైంది ఈ గట్టు మీదే. ఆమె కంచు విగ్రహం నీటివైపున ఉంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే పాకి (Pâquis) అనే పేటలోని స్నానఘట్టం, దాని చివర తెల్లని దీపస్తంభం. అక్కడినుంచి చిన్న పసుపుపచ్చ పడవలు అవతలి ఒడ్డుకు తిరుగుతుంటాయి. సెకనుకు 500 లీటర్ల నీటిని 140 మీటర్ల ఎత్తుకు చిమ్మే ఆ ధారను పడవలోంచి చూస్తే తప్ప దాని బలం తెలియదు. గాలి ఎక్కువగా ఉన్న రోజున ఆ ధారను ఆపేస్తారు, కాబట్టి ఉదయమే అది వస్తోందో లేదో చూసుకొని కార్యక్రమం వేసుకోవడం మంచిది. జెనీవాలో హోటల్లో బస చేసేవారికి నగర రవాణాకు ఉచిత కార్డు ఇస్తారు, అడిగి తీసుకోవాలి. మేము లోజాన్‌నుంచి వచ్చాము కనుక మాకు అది వర్తించలేదు.

భోజనానికి బయట ఖర్చు చాలా ఎక్కువ. మా అమ్మాయి కట్టి ఇచ్చిన పులిహోర, పెరుగన్నం తోటలోని బెంచీ మీద కూర్చొని తిన్నాము. ఊళ్ళో వీధికొళాయిల నీళ్ళు తాగడానికి పనికివస్తాయి, సీసాలు కొనవలసిన పని లేదు. కాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఈ చోటు నేను ధైర్యంగా చెప్పగలను. స్టేషనునుంచి దారి మెల్లగా పల్లంలోకి దిగుతుంది, గట్టు అంతా చదును, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. తిరుగుదారి కొంచెం ఎత్తెక్కుతుంది, అప్పుడు బస్సు పట్టుకోవచ్చు. పిల్లలను తీసుకొని వెళ్ళేవారు మాత్రం ముందు రాత్రి ఇంట్లో ఆ పదిహేడు ఎత్తుల ఆటను బల్ల మీద ఆడి చూపించి తీసుకెళ్ళండి. చదరంగం రాని పిల్లలైతే బెలూను కథ చెప్పండి. ఆ ఒక్క కథ చాలు, సింహాల దగ్గరనుంచి కదలరు.

అయిదింటికి ఎన్ని నక్షత్రాలని అడిగితే నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి, శిఖరం మీద లేని గుర్రానికి.

పన్నెండున్నరకు బయలుదేరదామనుకొన్నవాళ్ళం ఒంటిగంటన్నర దాకా కదలలేదు. మా మనవడు జేబులోంచి అయస్కాంతపు చదరంగం బల్ల తీసి, గుర్రపు విగ్రహం పీఠానికి ఎదురుగా ఉన్న బెంచీ మీద పరిచి, తాతయ్యను నల్లపావుల వైపు కూర్చోబెట్టాడు. మావారికి ఎత్తులు తెలియవు, వాడు చెప్పినట్టే నడిపారు, పదిహేడో ఎత్తుకు ఓడిపోయారు. తరువాత వాడు పావులు సర్దుతూ, పైన గుర్రం ఇంకా దిగని సమాధి వెరోనాలో ఉందన్నావు కదా నాన్నమ్మా, అక్కడికి ఇక్కడినుంచి రైలుందా అని అడిగాడు. మిలాన్‌లో మారితే ఉందని చెప్పాను. లోజాన్ రైల్లో కూర్చున్న దగ్గరనుంచి మావారు ఫోనులో వచ్చే వేసవి టికెట్ల ధరలు చూస్తూనే ఉన్నారు.